చెట్టు చాటున బోర్డు, మీ పేర చలానా: బెంగళూరులో అభ్యంతరం చెప్పాలంటే

ముందే ఒక మాట. ఫైన్ కట్టేశాక ఇది చదివి లాభం లేదు. చలానా డబ్బు కట్టడమంటే తప్పు ఒప్పుకుని కేసును అక్కడితో ముగించుకోవడమే. కట్టిన మర్నాడు వెళ్ళి "బోర్డు కనపడలేదండీ" అంటే వినే నాథుడుండడు. ఫోనుకు మెసేజ్ రాగానే గబుక్కున డబ్బు కట్టేసే అలవాటు ఉంటే కాస్త చెయ్యి ఆపండి. మెసేజ్‌లో వచ్చిన లింకు ఎలాగూ నొక్కకూడదు. చలానా పేరుతో యాప్ ఫైలు పంపి ఖాతా ఊడ్చేసే మోసాలు ఊరంతా జరుగుతున్నాయి. బెంగళూరు ట్రాఫిక్ పోలీసుల వెబ్‌సైట్‌లోనో, కేంద్ర రవాణా శాఖ ఈ-చలాన్ పోర్టల్‌లోనో మీ బండి నంబరు మీరే కొట్టి చూసుకోండి.

మాది హిందూపురం. జయనగర్ వైపు ఓ చిన్న కంపెనీలో లెక్కలు చూస్తాను. తిరిగేదంతా స్కూటర్ మీదే. మా ఆఫీసు డెలివరీ కుర్రాళ్ళకు పడే ఫైన్లు కూడా నా టేబుల్ మీదికే వస్తాయి కాబట్టి ఈ చలానాల సంగతి కొంచెం ఎక్కువే వంటబట్టింది. "అక్కా, అక్కడ బోర్డే లేదక్కా" అని ప్రతివాడూ అంటాడు. అందులో సగం మంది బోర్డు కోసం వెతికి కూడా ఉండరు. మిగతా వాళ్ళ కోసం రాస్తున్నాను.

అసలు పాయింటు ఇది. "నాకు కనపడలేదు" అన్నది వాదన కాదు. పరధ్యానంగా నడిపినా కనపడదు, ఫోను చూస్తూ నడిపినా కనపడదు. "ఆ రోడ్డు మీద, ఆ దిక్కు నుంచి, మామూలుగా బండి నడిపే ఎవరికీ కనపడే వీల్లేదు" అని చూపించగలిగితే అది వాదన. ఇకపైన చెప్పేదంతా ఆ ఒక్క వాక్యాన్ని రుజువు చేయడం గురించే.

చట్టంలో దీనికి ఆధారం ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 115వ సెక్షన్ కింద ప్రభుత్వం, లేదా అది అధికారం ఇచ్చినవాళ్ళు, ఒక రోడ్డులో వాహనాల రాకపోకల మీద ఆంక్షలు పెట్టవచ్చు. వన్‌వేలు, నో ఎంట్రీలు దీని కిందికే వస్తాయి. పెట్టినప్పుడు తగిన చోట్ల బోర్డులు కూడా పెట్టించాలని అదే సెక్షన్ చెబుతుంది. నెల రోజులకు మించిన ఆంక్ష అయితే గెజిట్‌లో నోటిఫికేషన్ కూడా రావాలి. వేగ పరిమితులకు 112వ సెక్షన్‌లో ఇలాంటి మాటే ఉంది. బోర్డులు పెట్టే అధికారం 116లో, వాటిని పాటించాల్సిన బాధ్యత 119లో. ఆ 116లోనే 4వ ఉపసెక్షన్ చూడండి. ట్రాఫిక్ గుర్తును కనపడకుండా చేస్తున్న బోర్డును గానీ ప్రకటనను గానీ తీయించే అధికారం ఎస్పీ స్థాయికి తగ్గని పోలీసు అధికారికి ఇచ్చారు. బోర్డు ఉంటే చాలదు, కనపడాలి కూడా అని చట్టం రాసినవాళ్ళకే తెలుసన్నమాట. కాగితం మీద ఈ ఒక్క సెక్షన్ నంబరు వేస్తే మీ ఉత్తరాన్ని చదివే తీరు కొంచెం మారుతుంది.

ఇక చలానాలో ఏ సెక్షన్ రాశారో చూడండి. 177, అంటే మామూలు ఉల్లంఘనలకు వేసే సెక్షన్ అయితే మొదటిసారికి 500, మళ్ళీ చేస్తే 1,500. అదే పని 184 కింద, అంటే ప్రమాదకరంగా నడిపినట్టు రాస్తే కథ వేరు. 2019 సవరణ తర్వాత ట్రాఫిక్‌కు ఎదురుగా నడపడం కూడా ఆ సెక్షన్‌లో చేరింది. జరిమానా వెయ్యి నుంచి 5,000 దాకా, జైలు శిక్షకు కూడా అవకాశం ఉంది. 177 అయితే ఈ గైడు సరిపోతుంది. 184 అయితే లాయరుతో మాట్లాడకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి.

ఎప్పుడు వదిలేయాలి

దీన్ని ముందే చెబుతున్నాను. మా కర్నూలు కుర్రాడొకడు ఫుట్‌పాత్ మీద బండి పెట్టి, నో పార్కింగ్ బోర్డు మీద ఫ్లెక్సీ కట్టేశారని ఫొటోలు తీసుకొచ్చాడు. ఫొటోలు బ్రహ్మాండంగా ఉన్నాయి. కానీ ఫుట్‌పాత్ మీద, జీబ్రా క్రాసింగ్ మీద, మలుపులో బండి పెట్టకూడదనడానికి బోర్డుతో పనే లేదు. 2017 డ్రైవింగ్ నిబంధనల్లోనే ఆ నిషేధం ఉంది. కట్టెయ్యి నాయనా అన్నాను. ఎర్ర సిగ్నల్ కొమ్మ చాటున ఉందనే వాదనకూ బలం తక్కువే. పెద్ద జంక్షన్లలో అవతలి వైపు ఇంకో సిగ్నల్ ఉంటుంది, నేల మీద స్టాప్ లైను ఉంటుంది. వన్‌వే విషయంలో కూడా, దారి పొడుగునా కార్లన్నీ మీ వైపే మూతి తిప్పుకుని ఆగి ఉంటే, రోడ్డు మీద బాణం గుర్తు కొట్టొచ్చినట్టు కనపడుతుంటే, బోర్డు ఒక్కదాని మీద పోట్లాడలేరు. ట్రాఫిక్ పోలీసు చేత్తో ఆపుతుంటే దాటి వెళ్ళినవాళ్ళు ఈ వాదన దగ్గరికే రావద్దు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు, మీరు రోజూ తిరిగే దారి. మీ ఇంటి పక్క వీధి వన్‌వే అని మీకు తెలియదంటే ఎవరూ నమ్మరు. నమ్మనక్కర్లేదు కూడా.

టెంపోనో బస్సో అడ్డంగా ఆగి ఉండటం వల్ల బోర్డు కనపడకపోతే వాదించవచ్చు గానీ, అది ఆ నిమిషానికి మాత్రమే ఉన్న అడ్డంకి. దాన్ని పట్టి ఉంచే ఆధారం మీ దగ్గర సాధారణంగా ఉండదు, డ్యాష్‌క్యామ్ ఉంటే తప్ప. చెట్టు కొమ్మ, ఫ్లెక్సీ, వంగిపోయిన స్తంభం, రంగు వెలిసిపోయిన రేకు, పీజీ స్టిక్కర్లు అంటించి అంటించి గుర్తు పట్టరాకుండా పోయిన రేకు... ఇవి మర్నాటికి కూడా అక్కడే ఉంటాయి. గెలిచేవి ఇవే.

ఫొటోలు తీసే పద్ధతి

దాదాపు అందరూ ఒకే రకంగా ఫొటో తీస్తారు. బోర్డు కిందకెళ్ళి, తల పైకెత్తి, ఆకుల మధ్యనున్న రేకును జూమ్ చేసి. ఆ ఫొటో మీకే ఎదురు తిరుగుతుంది. "కనపడుతోంది కదమ్మా" అంటారు. బోర్డు దగ్గరికి వెళ్ళినవాడికి కాదు, బండి మీద వచ్చేవాడికి ఎలా ఉందన్నది కావాలి.

మీరు ఏ దిక్కు నుంచి వచ్చారో ఆ దిక్కు నుంచే రండి. బండి పక్కన ఆపి, సీటు మీద కూర్చుంటే మీ కళ్ళు ఎంత ఎత్తులో ఉంటాయో అంత ఎత్తులో ఫోను పెట్టండి. కారైతే డ్రైవరు సీట్లోంచి అద్దం గుండా తీయండి. దూరం నుంచి ఒకటి, సగం దారిలో ఒకటి, మలుపు తిరిగే చోట ఒకటి. మలుపు తిరిగే చోట తీసినది ముఖ్యం, ఎందుకంటే నిర్ణయం తీసుకునేది అక్కడే. ఆ చోటు దాటాక బోర్డు కనపడినా మీకు ఉపయోగం లేదు, అప్పటికే బండి లోపలికి వచ్చేసి ఉంటుంది. జూమ్ చేయకండి. ఎడిట్ చేయకండి, ఎర్ర వృత్తాలు గీయకండి. కావాలంటే గీతలు పెట్టిన కాపీ వేరే ఇవ్వవచ్చు.

ప్రతి ఫొటోలోనూ చోటు తెలియాలి. దుకాణం బోర్డు, క్రాస్ (అడ్డవీధి) నంబరు రాతిపలక, కరెంటు స్తంభం మీది నంబరు, ఏదో ఒకటి పడేలా చూసుకోండి. బెంగళూరులో ఒక్కో లేఅవుట్‌కీ ఒక 5వ క్రాస్ ఉంటుంది, ఉత్త "5వ క్రాస్" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. తేదీ, టైము, లొకేషన్ ముద్రపడే కెమెరా యాప్ వాడితే మంచిది.

తర్వాత ఒక వీడియో. వెనక కూర్చున్నవాళ్ళు తీయాలి. మీరు నడుపుతూ తీస్తే ఇంకో చలానా వస్తుంది. మలుపుకు బాగా ముందు మొదలుపెట్టి, మామూలు వేగంతో వస్తూ, మలుపు దగ్గర పక్కకు తీసి ఆపేదాకా ఒకే బిట్టు. మళ్ళీ ఆ వన్‌వేలోకి దూరి చూపించక్కర్లేదు! చలానా రాత్రి పడిందా, రాత్రే తీయండి. బోర్డు మీద వెలుతురు పడితే మెరిసే పొర ఉంటుంది. దుమ్ము పట్టి అది చచ్చిపోతే పగలు కనపడే బోర్డు కూడా హెడ్‌లైటు వెలుతురులో నల్లగా ఉండిపోతుంది.

ఫొటోల అసలు ఫైళ్ళు ఫోనులోనే ఉంచండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుంచించుకుపోతుంది, ఎప్పుడు ఎక్కడ తీశారన్న వివరం చెరిగిపోతుంది. మీకు మీరే మెయిల్ చేసుకోండి, ఆ తేదీ కూడా ఒక సాక్ష్యమే. కోర్టు దాకా వెళితే ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి. అసలు ఫైలు, తీసిన ఫోను ఉంటే అది పెద్ద పని కాదు.

కానుగ చెట్టు గురించి కొంచెం చెప్పాలి. బెంగళూరు వీధుల్లో హొంగె అని పిలిచే ఈ చెట్టు నీడకు పెట్టింది పేరు, బోర్డులకు శత్రువు. చలికాలం వెళ్ళేటప్పుడు ఆకు రాల్చేస్తుంది. ఉగాది వచ్చేసరికి లేత ఆకు తొడిగి, మే నాటికి గుబురైపోతుంది. కొమ్మలు కిందికి వాలి, బోర్డులు ఉండే ఎత్తుకు సరిగ్గా వస్తాయి. ఫిబ్రవరిలో వచ్చి చూసినవాళ్ళకు బోర్డు శుభ్రంగా కనపడుతుంది, జూన్‌లో వచ్చినవాళ్ళకు ఆకులే కనపడతాయి. గూగుల్ వీధి చిత్రాలు 2022 నుంచి బెంగళూరులో ఉన్నాయి. మీ చోటు అందులో ఏ నెలలో తీశారో చూడండి. అందులో బోర్డు స్పష్టంగా ఉంటే ఎదుటివాళ్ళు కూడా చూపించవచ్చు, అప్పుడు "ఇది ఆకు రాలిన నెల" అని చెప్పడానికి మీరు సిద్ధంగా ఉండాలి. అందుకే ఫొటో ఆ వారంలోనే తీయమంటాను. చలానా ఏప్రిల్‌లో పడి ఫొటో జులైలో తీస్తే, ఈ మూడు నెలల్లో పెరిగిన కొమ్మ కదా అంటారు.

కొమ్మ కొట్టించమని ఫిర్యాదు

ఫొటోలు తీశాకే ఫిర్యాదు. వరుస తప్పితే మీ సాక్ష్యం మున్సిపాలిటీ ట్రాక్టర్‌లో వెళ్ళిపోతుంది. కానీ ఫిర్యాదు మాత్రం తప్పక చేయండి, వీలైతే ఆ రోజే. పాత నగరపాలక సంస్థ బీబీఎంపీ పోయి 2025 సెప్టెంబరు నుంచి గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు కార్పొరేషన్లు వచ్చాయి, మీ వీధి ఏ కార్పొరేషన్‌లోదో చూసుకోండి. 1533కి ఫోను చేస్తే ఫిర్యాదు నంబరు ఇస్తారు. కొమ్మ కరెంటు తీగలను కూడా తాకుతుంటే కరెంటు సంస్థ బెస్కామ్ 1912కి కూడా చెప్పండి. నిజం చెప్పాలంటే వాళ్ళే ముందొస్తారు. ట్రాఫిక్ పోలీసులకు వాళ్ళ యాప్‌లోనో సోషల్ మీడియా ఖాతాలోనో ఫొటో పెట్టి బోర్డు కనపడటం లేదని రాయండి.

ఆ ఫిర్యాదు నంబరుకు రెండు లాభాలు. మీరు ఫైన్ ఎగ్గొట్టడానికి కథలు అల్లడం లేదని అది చెబుతుంది. తర్వాత వాళ్ళు కొమ్మ కొట్టేస్తే, అడ్డం ఉన్న మాట నిజమేనని ఒప్పుకున్నట్టవుతుంది. కొట్టిన మర్నాడు అదే చోట నిలబడి అదే ఫొటో మళ్ళీ తీయండి. రెండూ పక్కపక్కన పెడితే ఇక మీరు మాట్లాడే అవసరం తక్కువ. ఆ వీధివాళ్ళు అంతకుముందే ఫిర్యాదు చేసి ఉంటే ఇంకా మంచిది. మూల మీది కిరాణా కొట్టాయన్ను అడగండి, ఎంతమంది ఆ మలుపులో దొరికిపోతున్నారో ఆయన దగ్గర చిట్టా ఉంటుంది.

కత్తి తీసుకుని మీరే కొమ్మ నరకొద్దు. కర్ణాటకలో 1976 నాటి చెట్ల సంరక్షణ చట్టం ఉంది, ఆ తలనొప్పి ఈ 500 కన్నా పెద్దది. వంగిన బోర్డును తిప్పి సరిచేయడం కూడా మీ పని కాదు.

ఉత్తరం

చలానా వేసిన ట్రాఫిక్ స్టేషను ఇన్‌స్పెక్టర్ పేర రాయండి. ఇంగ్లీషులోనో కన్నడలోనో, ఒక పేజీ దాటకుండా. రెండు కాపీలు తీసుకెళ్ళి ఒకదాని మీద ముట్టినట్టు సీలు వేయించుకోండి. మెయిల్‌లో పంపినా సరే, చేత్తో ఒక కాపీ ఇవ్వడం మేలు. నేను రాసే వరుస ఇది:

"ఫలానా నంబరు చలానా, ఫలానా తేదీ, సమయం, బండి నంబరు. నేను ఫలానా మెయిన్ నుంచి ఫలానా క్రాస్‌లోకి ఎడమకు తిరిగాను. అక్కడ ఉన్న నో ఎంట్రీ బోర్డు కానుగ చెట్టు కొమ్మల వెనక పూర్తిగా దాగి ఉంది. మలుపు తిరిగే చోటు నుంచి అది కనపడదు. రోడ్డు మీద బాణం గుర్తు గానీ వేరే బోర్డు గానీ లేదు. అదే రోజు తీసిన 1 నుంచి 4 వరకు ఫొటోలు, ఒక వీడియో జతపరిచాను. ఫలానా నంబరుతో కార్పొరేషన్‌కు ఫిర్యాదు చేశాను. మోటారు వాహనాల చట్టం 115, 116 సెక్షన్ల ప్రకారం ఆంక్షను తెలిపే గుర్తు తగిన చోట ఉండాలి. స్థలాన్ని పరిశీలించి ఈ చలానాను రద్దు చేయవలసిందిగా కోరుతున్నాను."

అంతే. మీరు పదేళ్ళుగా నిజాయితీగా పన్ను కడుతున్నారని, రోడ్డు గుంతల గురించి, పక్కవాడిని ఎందుకు పట్టుకోలేదని రాయకండి. ఆ వాక్యాలు చదివేవాడికి అసలు పాయింటు తప్పించుకునే దారి ఇస్తాయి. "నేను చూడలేదు" అని కూడా రాయొద్దు, "కనపడదు" అని రాయండి. చలానాలో చోటు పేరో, సమయమో, సెక్షనో తప్పు పడి ఉంటే దాన్ని మొదటి లైన్లోనే పెట్టండి. ఒక్కోసారి దానితోనే పని అయిపోతుంది.

స్టేషనుకు ఎప్పుడు వెళ్ళాలో కూడా చెబుతాను. పొద్దున తొమ్మిదికో సాయంత్రం ఆరుకో వెళితే అందరూ రోడ్డు మీద ఉంటారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక వెళ్ళండి. కన్నడ వస్తే కన్నడలో మాట్లాడండి. రాకపోతే తెలుగూ హిందీ కలిపినా పని జరుగుతుంది, బెంగళూరు స్టేషన్లలో తెలుగు అర్థమయ్యేవాళ్ళు తక్కువేమీ కాదు.

నా చలానా ఒకటి ఇలాగే పోయింది. ఊరి దక్షిణాన ఒక లేఅవుట్‌లో పంటి డాక్టరు దగ్గరికి వెళుతూ వన్‌వేలోకి తిరిగాను, అవతలి చివర ఫొటో తీశారు. స్తంభానికి ఎవరి పుట్టినరోజు ఫ్లెక్సీనో కట్టి ఉంది, పైన కానుగ గుబురు. ఆ రెంటి మధ్య ఎర్ర రేకు నెలవంకంత కనపడుతోంది, తెల్ల పట్టీ అసలే లేదు. ఉత్తరం తీసుకెళితే ఎస్సై గారు మొదట అడిగింది ఒకటే. "దినా ఓడాడ్తీరల్లమ్మా ఇల్లి?" రోజూ తిరుగుతూనే ఉంటావు కదమ్మా ఇక్కడ అని. క్లినిక్ వాళ్ళ చీటీ చూపించాను, మొదటిసారి వచ్చినట్టు తేదీ ఉంది. వీడియో రెండుసార్లు చూశారు. "ఫ్లెక్సీ యారు కట్టిద్దు?" ఫ్లెక్సీ ఎవరు కట్టారు అని పక్కనున్న కానిస్టేబుల్ మీద చిరాకు పడ్డారు. నాకైతే ఏమీ చెప్పలేదు, కాగితం పెట్టి వెళ్ళమన్నారు. కొన్ని వారాల తర్వాత వెబ్‌సైట్‌లో చూస్తే ఆ చలానా లేదు. ఉత్తరం లేదు, ఫోను లేదు. మీకూ ఇలాగే జరగవచ్చు కాబట్టి జవాబు కోసం ఎదురుచూడకుండా మీరే వారానికోసారి చూసుకుంటూ ఉండండి.

ఆ క్లినిక్ చీటీ లాంటిది మీ దగ్గర కూడా ఏదో ఒకటి ఉంటుంది. హోటల్ బిల్లు, డెలివరీ ఆర్డరు, పెళ్ళిచూపులకు వచ్చిన లొకేషన్ మెసేజ్... ఆ వీధి మీకు కొత్త అని చెప్పేది ఏదైనా జతచేయండి.

కెమెరా పట్టుకున్నదైతే

స్తంభం మీది కెమెరా వేసిన చలానా అయితే కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 2021 ఆగస్టులో వచ్చిన 167ఏ నిబంధన మీకు అదనపు బలం. కెమెరా నిఘా ఉన్న రోడ్డుకు ముందు ఆ సంగతి తెలిపే హెచ్చరిక బోర్డు స్పష్టంగా ఉండాలి. నోటీసు 15 రోజుల్లోపు పంపాలి. అందులో తప్పునూ నంబరు ప్లేటునూ చూపే ఫొటో, తేదీ, సమయం, చోటు, సెక్షన్ ఉండాలి. పరికరానికి ఏటా కొత్తగా ధ్రువీకరణ తీసుకోవాలి. చలానా ఫొటో పెద్దది చేసి చూడండి. బోర్డు కూడా అందులో పడి, ఆకుల వెనక ఉన్నట్టు కనపడితే అంతకన్నా మంచి సాక్ష్యం మీరు తీయలేరు.

వేగం కేసుల్లో మాత్రం జాగ్రత్త. 40 బోర్డు కనపడలేదన్నంత మాత్రాన ఇష్టం వచ్చినంత వేగంగా పోవచ్చని కాదు. బోర్డు లేని రోడ్డుకు కూడా వాహనాన్ని బట్టి సాధారణ పరిమితి ఉంటుంది. 48లో పోయి దొరికితే వాదించండి, 90లో పోతే కట్టేయండి.

కోర్టు దాకా

స్టేషన్లో కుదరకపోతే, లేదా నోటీసులోని గడువు దగ్గరపడుతుంటే, కోర్టు మిగులుతుంది. గడువును మాత్రం దాటనివ్వకండి. కేసు వర్చువల్ కోర్టుకు, అంటే చలానాలను ఆన్‌లైన్‌లో చూసే కోర్టుకు వెళితే ఆ వెబ్‌సైట్‌లో మీ చలానా పక్కన రెండు దారులుంటాయి, జరిమానా కట్టడం ఒకటి, కేసును ఎదుర్కోవడం ఇంకొకటి. రెండోది నొక్కితే కేసు మామూలు కోర్టుకు బదిలీ అవుతుంది, సమన్లు వస్తాయి. ఆ రోజు వెళ్ళాలి. తప్పు ఒప్పుకుంటున్నారా అని అడుగుతారు. లేదు అని చెప్పి ఫొటోలున్నాయని చెప్పండి. అక్కడ కథంతా చెప్పబోతే ఎవరికీ తీరిక ఉండదు, వాయిదా వేస్తారు. తర్వాత వాళ్ళు తమ కేసు చూపాలి, మీరు మీది చూపాలి.

ఈలోగా చేయాల్సింది ఇంకోటి ఉంది, చలానా పడిన వారంలోనే మొదలుపెట్టాలి. సమాచార హక్కు దరఖాస్తు. ఫీజు పది రూపాయలు, జవాబుకు ముప్పై రోజులు. ఆ రోడ్డును వన్‌వే చేసిన నోటిఫికేషన్ కాపీ, బోర్డు పెట్టిన తేదీ అడగండి. కర్ణాటకలో ఒక దరఖాస్తు ఒకే విషయం మీద, 150 పదాల లోపు ఉండాలనే నిబంధన ఉంది. ఉపోద్ఘాతాలు రాస్తే తిప్పి పంపడానికి అదొక సాకు అవుతుంది. నోటిఫికేషనే లేదని తేలితే కొమ్మ సంగతి పక్కకు పోయి మీ కేసు ఇంకా గట్టిపడుతుంది. నోటిఫికేషన్‌లో వన్‌వే ఫలానా గంటల మధ్యే అని ఉండి, మీరు ఆ గంటల బయట వెళ్ళి ఉండవచ్చు కూడా.

ఇప్పుడు లెక్కలు చూసేదాన్ని కాబట్టి లెక్క చెబుతాను. 500 కోసం ఒక రోజు సెలవు, ఆటో, లాయరు ఫీజు పెట్టుకుంటే చేతి చమురు వదులుతుంది. కోర్టులో ఓడితే మొదటి 500తోనే పోతుందన్న హామీ కూడా లేదు. అందుకే నా సలహా, స్టేషను దాకా ప్రతివాళ్ళూ వెళ్ళండి, దానికి అయ్యేది ఒక మధ్యాహ్నం. కోర్టుకు మాత్రం మూడు సందర్భాల్లోనే. 184 లాంటి పెద్ద సెక్షన్ వేసినప్పుడు, డ్రైవింగే బతుకుతెరువై లైసెన్సుకు దెబ్బ తగులుతుందన్నప్పుడు, అదే మలుపులో మీ మీద చలానా మీద చలానా పడుతున్నప్పుడు. లాయరు ఖర్చుకు భయపడేవాళ్ళకు ఒక మాట. 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ కింద మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. జిల్లా న్యాయ సేవల ప్రాధికార సంస్థలో అడగండి. ఆడవాళ్ళలో చాలామందికి ఇది తెలియదు.

సగం ధరకు సెటిల్ చేసే ఆఫర్ వస్తుందిలే అని చలానాలు పోగేసేవాళ్ళున్నారు. నిజమే, 2023 ఫిబ్రవరిలో ఇచ్చారు, 2025 ఆగస్టు 23 నుంచి సెప్టెంబరు 12 దాకా మళ్ళీ ఇచ్చారు. కానీ అదెప్పుడొస్తుందో ప్రభుత్వం ఇష్టం. మీ దగ్గర సాక్ష్యం బలంగా ఉంటే సగం కూడా ఎందుకు కట్టాలి? బలహీనంగా ఉంటే ఆఫర్ వచ్చినప్పుడు నిశ్శబ్దంగా కట్టేసి బయటపడండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు.

మన నంబరు ప్లేట్ల వాళ్ళకు

ఏపీ, టీజీ బండ్లతో ఇక్కడ ఉంటున్నవాళ్ళు రెండు సంగతులు చూసుకోండి. బండి రిజిస్ట్రేషన్‌లో ఉన్న ఫోను నంబరు ఎవరిది? చాలామందికి నాన్నగారిది ఉంటుంది, బండి కొన్నప్పుడు ఆయనే ఇచ్చారు కాబట్టి. చలానా మెసేజ్ నంద్యాలలో మోగుతుంది, ఆయన దాన్ని బ్యాంకు మెసేజ్ అనుకుని వదిలేస్తారు. మీకు తెలిసేసరికి గడువు పోతుంది, కొమ్మ కూడా ఎవరో కొట్టేసి ఉంటారు. పరివాహన్ పోర్టల్‌లో ఆ నంబరు మార్చుకోవడం చిన్న పని, చలానా పడకముందే చేసుకోండి. రెండోది, బయటి రాష్ట్రం బండి ఏడాదికి మించి ఇక్కడే ఉంటే రిజిస్ట్రేషన్ మార్చుకోవాలని 47వ సెక్షన్ చెబుతుంది. స్టేషన్లో కాగితాలు తీసినప్పుడు ఆ ప్రశ్న రావచ్చు. ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ గడువులు కూడా ముందు చూసుకుని వెళ్ళండి, డిజీలాకర్‌లో చూపించినా చెల్లుతుంది.

చలానా రద్దయితే వెబ్‌సైట్‌లో పెండింగ్ ఏమీ లేదని చూపించే పేజీని తేదీతో సహా స్క్రీన్‌షాట్ తీసి, సీలు వేసిన ఉత్తరం కాపీతో పాటు ఆర్సీ కాగితాల్లో పెట్టుకోండి. పోలీసుల సైటులో పోయినది ఈ-చలాన్ పోర్టల్‌లో కూడా పోయిందో లేదో చూడండి. రెండు చోట్లా ఒకేసారి మారకపోవచ్చు, బండి అమ్మే రోజున పాత బాకీ ఒకటి పైకి తేలితే చూపించడానికి ఆ కాగితాలే కావాలి.